సున్నపు తేట – పగడపు తోట

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం మన బడి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్నటి నుంచి ఇక్కడ మాట్లాడినవాళ్ళలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, జిల్లా అధికారులున్నారు. నేనూ నా ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు రాసుకొచ్చాను. కార్యదర్శి గారు ఆ కాగితం చూసి, "నీ ఉద్యోగం ఎవరికి కావాలయ్యా, నీ ఇంట్లో సముద్రం ఉందటగా, దాని సంగతి చెప్పు" అన్నారు. కాగితం జేబులో పెట్టేశాను. నాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. సముద్రం గురించి కదా, అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే క్షమించాలి.

నేనుండేది అమెరికాలో, డాలస్ పక్కన. సముద్రం మాకు నాలుగైదు గంటల కారు ప్రయాణం. అక్కడ మా హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు తొట్టి ఉంది. 680 లీటర్ల ఉప్పునీళ్ళు పడతాయి. నీళ్ళు, రాళ్ళు, గాజు, కింద బల్ల కలిపితే టన్ను బరువుకు దగ్గరగా ఉంటుంది. అందులో పగడాలు పెరుగుతాయి. వాటి మధ్య చేపలు తిరుగుతాయి. దీన్ని అక్కడ రీఫ్ అక్వేరియం అంటారు. నేను పగడపు తోట అంటాను. మా ఆవిడ మాత్రం "మీ రెండో సంసారం" అంటుంది.

పగడం అంటే మనకు ఉంగరంలో ఎర్ర రాయి. నిజానికి పగడం రాయీ కాదు, మొక్కా కాదు, జంతువు. చిన్న చిన్న జీవులు వేలకు వేలు ఒక్కచోట అంటుకుని ఉంటాయి. ఒక్కొక్క దానికి నోరు, చుట్టూ తంతువులు. గట్టి పగడాలైతే నీళ్ళలోంచి సున్నాన్ని తీసుకుని తమ కింద తామే ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కణాలు కాపురముంటాయి. వెలుతురు పడితే ఆ నాచు ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తుంది. పగడం దానికి ఇల్లూ, ఎరువూ ఇస్తుంది. ఇంతకన్నా మంచి కౌలు ఒప్పందం నేను మన వైపు పొలాల్లో కూడా చూడలేదు.

ఇక్కడ ముందు వరసలో మన సైన్సు మాస్టారు కూర్చున్నారు. మాస్టారూ, ఈ మాట మీ ఎదుట చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. తొమ్మిదో తరగతిలో మీరు మా అందరి చేతా ఒక ప్రయోగం చేయించారు. ముందురోజు సున్నం నీళ్ళలో కలిపి కదపకుండా ఉంచారు. మర్నాడు పైన తేరిన తేటను పరీక్షనాళికల్లో పోసి తలా ఒకటి ఇచ్చి, గొట్టంతో ఊదమన్నారు. ఊదగా ఊదగా సున్నపు తేట పాలలాగా తెల్లబడింది. మన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉందనీ, అది సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయిందనీ చెప్పారు. గుల్లలు, గుడ్డు పెంకు, సుద్దముక్క అన్నీ అదేనన్నారు. పగడం కట్టుకునే ఇల్లు కూడా అదే మాస్టారూ. ముప్ఫై ఏళ్ళ తర్వాత డాలస్‌లో నేను రోజూ రాత్రి నా తొట్టిలో చుక్కలు చుక్కలుగా పోసేది ఏమిటో తెలుసా? సున్నపు తేట. అక్కడి వాళ్ళు దాన్ని జర్మన్ పేరుతో కాల్క్‌వాసర్ అంటారు. మొదటిసారి ఆ పేరు విని ఏదో పెద్ద మందనుకున్నాను. డబ్బా తెరిచి చూస్తే మన తాంబూలంలో సున్నం.

దీని వెనక లెక్క ఉంది. తొట్టిలో నీళ్ళు రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. నీరు పోతుంది కాని ఉప్పు పోదు. మన ఊరి తూర్పున ఉప్పుమళ్ళు చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఉప్పుమడిలో మనకు కావలసిందే అది, తొట్టిలో మాత్రం కొంప ముంచేది అది. అందుకని ఆవిరైన చోట ఉప్పునీళ్ళు పోయకూడదు, మంచినీళ్ళు పోయాలి. ఆ మంచినీళ్ళనే సున్నపు తేటగా పోస్తే పగడానికి కావలసిన కాల్షియమూ, క్షారమూ రెండూ అందుతాయి. రాత్రి పోయడానికి కారణం ఉంది. చీకట్లో నాచు ఆహారం తయారు చేయదు, అన్ని ప్రాణులూ ఊపిరి మాత్రం వదులుతూనే ఉంటాయి. బొగ్గుపులుసు వాయువు పెరిగి పీహెచ్ పడిపోతుంది. సున్నపు తేట దాన్ని పట్టుకుని పీహెచ్ నిలబెడుతుంది. తొందరపడి ఒక్కసారి గుమ్మరిస్తే మాత్రం తొట్టిలో మంచు కురిసినట్టు తెల్లగా దిగిపోతుంది, ప్రాణులు చస్తాయి. అందుకే చుక్క చుక్క.

మిగతా లెక్కలు కూడా క్లుప్తంగా చెబుతాను. ఉప్పు లీటరుకు 35 గ్రాములు, అంటే తొట్టి మొదటిసారి నింపేటప్పుడు 24 కిలోల ఉప్పు. మన కల్లుప్పు పనికిరాదు, సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిపి తయారు చేసిన ఉప్పు దొరుకుతుంది. కుళాయి నీళ్ళు వాడకూడదు, ఆర్వోలో వడకట్టి, ఆ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసిన నీళ్ళు వాడాలి. వేడి 25, 26 డిగ్రీల మధ్య. కాల్షియం 420 దగ్గర, మెగ్నీషియం 1300 దగ్గర, క్షారం ఎనిమిది, తొమ్మిది డిగ్రీల మధ్య. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు గాని రోజుకో రకంగా ఊగకూడదు. పగడానికి మార్పు గిట్టదు. మా తాతగారి లాంటిది, కాఫీ అయిదు గంటలకంటే అయిదు గంటలకే.

తొట్టి నింపిన రోజునే చేపలు వేయకూడదు. చేపల విసర్జన నుంచి అమోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగానూ, ఇంకో రకం నైట్రేటుగానూ మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ళ సందుల్లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. పిల్లలకు కొత్త బ్యాటు కొనిచ్చి ఆరు వారాలు ఆడొద్దంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక రంగుల సంగతి. పగడం లోపలున్న నాచు రంగు గోధుమ. నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు ఎక్కువైతే నాచు పెరిగిపోయి పగడం మట్టిరంగుకు తిరుగుతుంది. బొత్తిగా లేకపోతే పాలిపోయి నీరసిస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంచగలిగితే పగడం సొంత రంగులు బయటికొస్తాయి. ఆకుపచ్చ, ఊదా, గులాబీ, నారింజ. నీలి వెలుతురు కింద వాటిలోని కొన్ని ప్రొటీన్లు దీపాల్లా వెలుగుతాయి. దీపావళి నాడు మన వీధి గుర్తుకొస్తుంది. చేపలు తిని విసర్జించేదే పగడానికి ఎరువు. కాబట్టి చేపలుంటే పగడానికి మంచిదే. ఎన్ని చేపలు అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గరే నేను తప్పాను.

మొదట్లో రెండు క్లౌన్ ఫిష్‌లు. నారింజ రంగు మీద తెల్లపట్టీలు, పిల్లలు సినిమాలో చూసే ఉంటారు. వాటి సంసారంలో ఒక విశేషం ఉంది. జంటలో పెద్దది ఎప్పుడూ ఆడది, పెత్తనం దానిదే. అది చనిపోతే మగది కొన్నాళ్ళకు ఆడదైపోతుంది. మా ఆవిడకు ఇది బాగా నచ్చింది. తర్వాత పసుపుపచ్చ టాంగ్ వచ్చింది, తర్వాత నీలం టాంగ్, తర్వాత ఆకుపచ్చ క్రోమిస్‌లు ఒక గుంపు, గులాబీ రంగు ఆంథియాస్‌లు ఇంకో గుంపు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ "అబ్బ!" అనేవారు. ఒక్కొక్క "అబ్బ"కు ఒక చేప చొప్పున కొన్నాను. 2019 నాటికి ముప్ఫై ఒక్క చేపలు. గాజు వెనక ఖాళీ అన్నది కనపడకూడదని నా పంతం.

అన్నిటినీ బతికించగలిగాను కూడా. ముప్ఫై ఒక్క నోళ్ళకు రోజుకు మూడు పూటలా మేత. మేత వేసినంతా ఏదో ఒక దారిన బయటికి పోవాలి. లేకపోతే నీళ్ళు పాడవుతాయి. దాని కోసం తొట్టి కింద ఇంకో తొట్టి, సంప్ అంటారు. అందులో ప్రొటీన్ స్కిమ్మర్ ఉంటుంది. సన్నని గాలిబుడగలు పంపి మురికిని నురగగా పైకి తేల్చి తీసేస్తుంది. అలలు గట్టున కొట్టినప్పుడు తేలే నురగ చూశారు కదా, అదే సూత్రం. పక్క గదిలో ఒక రకం నాచు పెంచి, వారానికోసారి పిడికిలి పిడికిలి పీకి పారేయాలి. నీళ్ళలోని నైట్రేటు ఆ నాచులోకి ఎక్కి బయటికి పోతుంది. వారానికి 70 లీటర్ల నీళ్ళు మార్చాలి. ఇవన్నీ చేశాను. యంత్రాలన్నీ నడిచినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

2019లో సెలవుకు మన ఊరు వచ్చినప్పుడు మా బెంచీ మిత్రుడికి ఫోనులో తొట్టి చూపించాను. వాడు రొయ్యల చెరువుల రైతు. ఇప్పుడు కూడా ఆ మూల నిలబడి నవ్వుతున్నాడు, పేరు చెబితే కొడతానన్నాడు కనక చెప్పను. వాడు రంగులు చూడలేదు. "ఒరేయ్, ఇన్ని వేశావేంట్రా ఇంత గోలెంలో? ఏరేటర్ ఏది? కరెంటు పోతే?" అన్నాడు. నేను నవ్వి, "అమెరికాలో కరెంటు పోదురా" అన్నాను.

సభికులారా, ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి.

2021 ఫిబ్రవరి. టెక్సస్‌లో మంచు తుఫాను. మా ప్రాంతంలో మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. ఆ రాష్ట్రంలో ఇళ్ళు, కరెంటు కేంద్రాలు, గ్యాసు గొట్టాలు అంత చలికి కట్టినవి కావు. 15వ తేదీ సోమవారం తెల్లవారుజామున రెండు గంటలకు కంప్యూటరు దగ్గర యూపీఎస్ కూతపెట్టింది. లేచి హాల్లోకి వచ్చాను. ఎప్పుడూ బుడబుడమనే తొట్టి నిశ్శబ్దంగా ఉంది. పదకొండేళ్ళలో ఆ నిశ్శబ్దం నేను వినలేదు. చీకట్లో టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకి చేరుతున్నాయి.

మీకొక లెక్క చెబుతాను. పాతిక డిగ్రీల సముద్రపు నీళ్ళలో కరిగే ప్రాణవాయువు లీటరుకు దాదాపు ఏడు మిల్లీగ్రాములు. అంటే నా 680 లీటర్లలో ఉన్న మొత్తం ప్రాణవాయువు అయిదు గ్రాములకు లోపు. ఒక చెంచా పంచదార బరువు. పంపులు తిరుగుతుంటే గాలిలోంచి కొత్తది వచ్చి చేరుతూ ఉంటుంది. పంపులు ఆగితే ఆ చెంచాడే అందరికీ ఆస్తి. పది చేపలుంటే చాలాసేపు వస్తుంది. ముప్ఫై ఒకటి ఉంటే? చేపలే కాదు, పగడాలూ, బ్యాక్టీరియా కూడా ఆ చెంచాలోంచే తీసుకోవాలి. ఈ లెక్క నేను తర్వాత వేశాను. ఆ రాత్రి నాకు ఏమీ తోచలేదు. తోచిన ఒకే ఒక పని, వాడికి ఫోన్ చేయడం. ఇక్కడ మధ్యాహ్నం అవుతోంది, వాడు చెరువు గట్టు మీదే ఉన్నాడు.

"నేను చెప్పలేదా" అనలేదు వాడు. అది జీవితాంతం మరిచిపోను. "ఎంతసేపయింది? చేపలు నోళ్ళు పైకి పెడుతున్నాయా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే మేత వేయకు. మందులేమీ పోయకు. చెంబు తీసుకుని నీళ్ళు ముంచు, ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యి. ఆపకుండా పొయ్యి. నేను లైన్లోనే ఉంటా" అన్నాడు.

మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు ఉంది. దాన్ని తీయబోతే వాడు ఫోనులోనే అరిచాడు, "ఇత్తడి వద్దురా, రాగి కలిసింది, ఉప్పునీళ్ళలో వద్దు" అని. నిజమే, రాగి పగడాలకు విషం. ఆ గాభరాలో నాకు గుర్తు రాలేదు. ప్లాస్టిక్ జగ్గు తీసుకున్నాను. నేనూ, మా ఆవిడా, పదిహేనేళ్ళ మా అమ్మాయీ ఇరవై నిమిషాల చొప్పున వంతులు వేసుకున్నాం. దుప్పట్లు కప్పుకుని, చేతులు మాత్రం నీళ్ళలో. తెల్లవారాక కారు ఇంటి బయట నిలబెట్టి, దాని బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, వైరు లోపలికి లాగి రెండు చిన్న గాలిపంపులు పెట్టాను. గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టిలో తేలేశాం. తొట్టి చుట్టూ రజాయిలు చుట్టాం. కరెంటు మధ్యలో ఒకటి రెండుసార్లు వచ్చి పోయింది. బుధవారం ఉదయం గాని నిలవలేదు. అప్పటికి తొట్టిలో వేడి 18 డిగ్రీలు.

పదకొండు చేపలు పోయాయి. ముందు పోయినవి పెద్దవి. "చెరువులోనూ పెద్ద చేపే ముందు తేలుతుందిరా, దానికి గాలి ఎక్కువ కావాలి" అన్నాడు వాడు. మా అమ్మాయి అయిదేళ్ళప్పుడు పేరు పెట్టుకున్న పసుపుపచ్చ టాంగ్ మొదటి ఉదయమే పోయింది. ఆ జాతి చేపలు సరిగ్గా చూసుకుంటే పదుల ఏళ్ళు బతుకుతాయి. మా అమ్మాయి ఏడవలేదు. "నాన్నా, తక్కువ ఉంటే బతికేవి కదా" అంది, అంతే. తర్వాత రెండు వారాల్లో కొమ్మల పగడాలు దాదాపు అన్నీ తెల్లబడి ఎముకల్లా మిగిలాయి. మెత్తటి పగడాలు తట్టుకున్నాయి.

తప్పు చలిది కాదు, కరెంటుది కాదు అని ఇప్పుడు అంటాను. టెక్సస్‌లో ఆ వారం మనుషులే ప్రాణాలు కోల్పోయారు. దాని ముందు నా చేపలు ఎంత? కాని నా ఇంటి తొట్టి వరకు తప్పు నాది. దురాశ దుఃఖానికి చేటు అని ఇదే బడి గోడ మీద రాసి ఉండేది.

మిత్రుడికి ఈ పాఠం 1994, 95ల్లోనే అయింది. అప్పుడు మన తీరమంతా టైగర్ రొయ్య. ఎకరానికి ఎంత వేస్తే అంత లాభం అనుకున్న రోజులు. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చిపెట్టింది. వాళ్ళ నాన్నగారు రెండెకరాలు అమ్మారు. కిక్కిరిసిన చోట రోగానికి కాళ్ళు అక్కర్లేదు, పక్కదాని మీదికి ఒరిగితే చాలు. నా చేపలకు కూడా తెల్లమచ్చలు అనే జబ్బే ఉంది. పేరు ఒకటే గాని రెండూ వేరు. రొయ్యది వైరస్, చేపది కంటికి సరిగా ఆనని పరాన్నజీవి. పాఠం మాత్రం ఒకటే.

ఇప్పుడు తొట్టి మళ్ళీ కళకళలాడుతోంది. ఇరవై చేపలు మిగిలాయి కదా, వాటిని పెంచలేదు, సహజంగా తగ్గనిచ్చాను. ఇప్పుడు పదహారు. మీలో ఎవరైనా ఏ రకం చేపలు పెంచుతున్నా, రొయ్యలు పెంచుతున్నా, చివరికి కోళ్ళు పెంచుతున్నా పనికొస్తాయని నాలుగు మాటలు.

ఒకటి. యంత్రాలు నడుస్తున్నప్పుడు ఎన్ని బతుకుతాయి అని లెక్క వేయకండి. ఒక రాత్రంతా యంత్రాలు ఆగిపోతే ఎన్ని బతుకుతాయో అది మీ లెక్క. ఆ రాత్రికి ముందే బ్యాటరీతో నడిచే గాలిపంపు కొని పెట్టుకోండి. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యేది దొరుకుతుంది. ముప్ఫై ఒక్క చేపలకు పెట్టిన ఖర్చులో అది ఎన్నో వంతూ కాదు.

రెండు. కొత్తదాన్ని తెచ్చి నేరుగా పాతవాటిలో వదలకండి. వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి చూడండి. ఒకసారి బద్ధకించి ఒక్క చేపను నేరుగా వదిలాను. తెల్లమచ్చలు వచ్చాయి. దానికి రాగి మందు పని చేస్తుంది, కాని రాగి పగడాలను చంపుతుంది. కాబట్టి రాళ్ళ సందుల్లో దాక్కున్న చేపలన్నిటినీ పట్టి బయటికి తీయాలి. రాళ్ళన్నీ పీకాల్సి వచ్చింది. తొట్టిని చేపలు లేకుండా రెండున్నర నెలలు ఉంచితే గాని ఆ జబ్బు పోలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మూడు. ఎక్కువ చేపలు ఉంచక తప్పకపోతే, పోట్లాడేవాటిని చివర్లో వేయండి. ముందొచ్చినది తొట్టంతా తనదే అనుకుంటుంది. మన హాస్టల్లో కిటికీ పక్క మంచం సంగతి గుర్తుంది కదా.

నాలుగు. అడవిలోంచి, సముద్రంలోంచి పట్టుకొచ్చినదాన్ని కాకుండా పెంపకంలో పుట్టినదాన్ని కొనండి. పసుపుపచ్చ టాంగ్‌లు ఎక్కువగా హవాయి సముద్రంలో పట్టేవారు. వాటిని తొట్టిలో పిల్లల నుంచి పెంచడం ఎవరికీ చాలాకాలం సాధ్యం కాలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల అతి చిన్నది, దానికి తగినంత చిన్న మేత దొరకదు. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో సాధించారు. ఆ మరుసటి ఏడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నీలం టాంగ్‌ను సాధించింది. ఇప్పుడు మా తొట్టిలో ఉన్న పసుపుపచ్చ టాంగ్ సముద్రాన్ని ఎప్పుడూ చూడనిది. పగడాలు కూడా అంతే. కొమ్మ విరిచి రాయికి అంటిస్తే మళ్ళీ పెరుగుతుంది, మందార కొమ్మలాగా. నా తుఫాను తర్వాత అక్కడి తోటి పెంపకందార్లు తలా ఒక ముక్క ఇచ్చారు. అంతకుముందు నేను వాళ్ళకు ఇచ్చిన కొమ్మల ముక్కలు కొన్ని తిరిగి మా ఇంటికే వచ్చాయి.

ఇక్కడ పిల్లలున్నారు కనక ఒక హెచ్చరిక. నేను చెప్పిందంతా విని రేపే విశాఖలోనో, రామేశ్వరంలోనో పగడం ముక్క వెతకకండి. 2001 నుంచి గట్టి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. తీయడం, అమ్మడం, కొనడం నేరం. పగడాలు చూడాలనిపిస్తే అండమాన్ వెళ్ళండి, లక్షద్వీప్ వెళ్ళండి, నీళ్ళలో మొహం పెట్టి చూడండి, ముట్టుకోకండి. పెంచాలనిపిస్తే మంచినీళ్ళ తొట్టి పెట్టండి, నీటి మొక్కలు వేయండి. నేను చెప్పిన నియమాలన్నీ దానికీ పనికొస్తాయి, సున్నపు తేట తప్ప.

చూసేవి ఎన్నాళ్ళుంటాయి అన్నది మరో సంగతి. నీళ్ళు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి అలాగే కొన్ని వారాలు ఉంటే పగడం తనలోని నాచును బయటికి తోసేస్తుంది. తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా ఇలా తెల్లబడుతున్నాయని అమెరికా సముద్ర శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇలా ప్రపంచవ్యాప్తంగా జరగడం అది నాలుగోసారి. 2023 వేసవిలో ఫ్లోరిడా తీరంలో నీళ్ళు మరీ వేడెక్కితే, అక్కడి వాళ్ళు సముద్రంలోని పగడాలను తీసి గట్టు మీద తొట్లలోకి మార్చారు. నేను ఆ వార్త చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. సముద్రం నుంచి కాపాడడానికి పగడాన్ని తొట్టిలో దాచవలసి వచ్చింది. నా హాల్లో వేడుకగా చేసిన పని అక్కడ ఆసుపత్రి పని అయింది.

మాస్టారూ, మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. ఆ రోజు మేమందరం తేట తెల్లబడగానే గొట్టం తీసేశాం. మీరు మాత్రం "ఆపకండిరా, ఇంకా ఊదండి" అన్నారు. మా బెంచీలో వీడు ఊపిరి పోయేదాకా ఊదాడు. తెల్లటి నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. తయారైన సున్నం కరిగిపోయింది. మీరు బోర్డు మీద సమీకరణం రాశారు. మార్కులకని బట్టీ పట్టాను. ఎందుకో అడగలేదు.

ఇప్పుడు తెలిసింది. మనిషి పొగగొట్టాల్లోంచి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న సముద్రపు పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. అంకె చిన్నది, కాని పగడానికి ఇల్లు కట్టుకోవడం ఆ మేరకు కష్టమవుతోంది. అందరం కలిసి గొట్టం తీయకుండా ఊదుతున్నాం. శీతాకాలం తలుపులు బిగించి ఇంట్లో పదిమంది చుట్టాలు కూర్చుంటే నా తొట్టిలో పీహెచ్ పడిపోవడం నా మీటర్లో కనిపిస్తుంది. కిటికీ తెరిస్తే మళ్ళీ లేస్తుంది. నా తొట్టికి కిటికీ ఉంది. సముద్రానికి కిటికీ ఎక్కడుంది?

నా మాట ఇంతటితో ముగిస్తాను. ఈ యాభై ఏళ్ళ పండుగకు సంఘం వారు బడి సైన్సు ప్రయోగశాలను బాగుచేయిస్తున్నారని నిన్న విన్నాను. నా వంతు నేను ఇస్తాను. ఒక్క కోరిక. ఆ అల్మైరాలో ఏ ఖరీదైన యంత్రం పెట్టినా పెట్టకపోయినా, ఒక సున్నం డబ్బా, ఒక కట్ట గొట్టాలు తప్పకుండా పెట్టించండి. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లల చేత ఊదించండి. తెల్లబడేదాకా కాదు, మళ్ళీ కరిగిపోయేదాకా.

ఆ రాత్రి రెండు గంటల పాటు ఫోను పెట్టేయకుండా నాతో ఉన్న మా బెంచీ మిత్రుడికి, ఊదమన్న మాస్టారికి నమస్కారం.